సీసం నడుమ సీసా



చాలా రోజులుగా ఈ గూటిలో కొత్త టపా ఏదీ పెట్టలేదు. కంటికి శుక్లాల శస్త్రచికిత్స ఒక కారణం, బద్ధకం రెండవది. ఇప్పుడైనా నేను రాయదలచుకున్నది ఇది కాదు. షష్ఠీ విభక్తిమీద సగం రాసి పెట్టుకున్న వ్యాసమొకటి మూలుగుతున్నది. దాన్ని పక్కకు నెట్టి ఈ తగవుకు దిగవలసి వచ్చింది. తగవు అని తెలిసే అంటున్నాను. మొహమాటపడి మెత్తగా చెబితే ఇది ఎవరికీ తగలదు.

మనవారిలో ఒకరు, వయసులో నాకంటె చిన్నవారు, సాంకేతిక విషయాలలో నాకు గురుస్థానంలో ఉన్నవారు, సొంత డొమైన్ కొనుక్కుని వర్డ్‌ప్రెస్‌లో చక్కని సాహిత్య పుట నడుపుతున్నారు. ఆయన ఇటీవల మనందరికీ ఒక సుదీర్ఘమైన లేఖ రాశారు. వ్యాసాల నడుమ ప్రకటనలు వాటంతట అవే మారుతూ కనిపించేటట్లు ఒక ప్లగిన్ పెట్టుకున్నారట. అది ఎట్లా స్థాపించాలి, ఏ అంకె ఎక్కడ వేయాలి అన్నది పూసగుచ్చినట్లు వివరించి, "మనమందరమూ ఈ పని చేయాలి, ఇరవై ఏళ్ళు ఉచితంగా రాసింది చాలు" అని ముగించారు. పదిమంది దాకా మిత్రులు భేష్ అన్నారు. ఇద్దరు అప్పుడే పెట్టేశారు కూడా. నేను భేష్ అనలేకపోయాను.

ముందు ఆ యంత్రం చేసే పని ఏమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. తెలియనిదాన్ని తిట్టడం పండితులకు అలవాటేనన్న అపప్రథ ఎటూ ఉన్నది. ఆ ప్లగిన్‌కు ఒక సంచి ఉంటుందనుకోండి. అందులో నాలుగైదు ప్రకటనల కోడ్‌లు వేయాలి. వ్యాసంలో ఎన్నవ పేరా తరువాత ప్రకటన రావాలో ఒక అంకె చెప్పాలి. ఎవరైనా పుట తెరిచినప్పుడల్లా అది పేరా ముగింపు గుర్తులను లెక్కపెట్టుకుంటూ పోయి, చెప్పిన చోట సంచిలోనుంచి ఒకదాన్ని తీసి అతికిస్తుంది. మళ్ళీ తెరిస్తే మరొకటి. సంచిలో వేసినది గూగుల్ వారి యాడ్‌సెన్స్ కోడ్ వంటిదైతే తిరుగుడు రెండింతలు. పుట తెరుచుకునే ఆ క్షణంలోనే ఆ చోటుకు వేలం జరుగుతుంది. చదువరి ఏ ఊరివాడు, అంతకుముందు ఏమి వెతికాడు, ఈ పుటలో ఏ మాటలు ఉన్నాయి అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. పాట గెలిచినవాడి బొమ్మ అక్కడ వెలుస్తుంది. నాకు కనిపించేది మీకు కనిపించదు. మీకు నిన్న కనిపించినది నేడు ఉండదు. 2018లో వచ్చిన 'ఆటో యాడ్స్' పద్ధతిలో అంకె చెప్పే శ్రమ కూడా లేదు, ఎక్కడ పెట్టాలో యంత్రమే తేల్చుకుంటుంది.

అది పేరాలను లెక్కపెడుతుందని చెప్పాను కదా. మన కొంప మునిగేది అక్కడే.

మనలో చాలామంది పద్యం టైపు చేసేటప్పుడు ఒక్కొక్క పాదానికీ ఎంటర్ మీట నొక్కుతాము. 2007లో లేఖినిలో ఆంగ్లాక్షరాలతో తెలుగు కూర్చుకున్న నాటినుంచి నాకూ అదే అలవాటు. మన కంటికి అది నాలుగు పాదాల పద్యం. ప్లగిన్ కంటికి అవి నాలుగు పేరాలు. మూడవ పేరా తరువాత ప్రకటన పెట్టమంటే అది శ్రద్ధగా మూడవ పాదం తరువాత పెడుతుంది. దాని తప్పేమీ లేదు. దానికి ఛందస్సు చెప్పినవారెవరు?

కంద పద్యమే తీసుకోండి. మూడవ పాదంలో మూడే గణాలు. నాల్గవ పాదంలో అయిదు. మూడవ పాదం ఎక్కుపెట్టిన బాణం వంటిది. అది నాల్గవ పాదంలో యతిస్థానాన్ని తాకి, చివరి గురువుమీద నిలిచినప్పుడుగాని చెవికి తృప్తి కలగదు. బడిలో పిల్లలచేత కందం చదివించేటప్పుడు మూడవ పాదం చివర ఊపిరి తీయవద్దురా అని ముప్ఫై ఏళ్ళు మొత్తుకున్నాను. పైగా సంస్కృత శ్లోకంలో వలె మన పద్యంలో పాదం చివర మాట తెగితీరాలన్న నియమం లేదు. 'రాజ' అన్నంతవరకు ఒక పాదంలో ఉండి, 'హంస' తరువాతి పాదంలోకి దూకవచ్చు. మన కవులు ఈ స్వాతంత్ర్యాన్ని నిండా వాడుకున్నారు, తెలుగు పద్యం నడకలోని సొగసు సగం అందులోనే ఉన్నది. ఇప్పుడు ఆ 'రాజ'కూ ఆ 'హంస'కూ నడుమ మోకాళ్ళ నొప్పుల తైలం దిగిందనుకోండి. మాట విరిగింది. అర్థం విరిగింది. సమాసాన్ని విడదీయడానికి విగ్రహవాక్యం చెప్పాలని మేము చదువుకున్నాము, ఈ కొత్త విగ్రహం ఏ వ్యాకరణంలోనూ లేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. పైన చెప్పిన మిత్రుని పుటలోనే, ఒకరి సమస్యాపూరణలో, సీసపద్యం నాలుగు పాదాలూ పూర్తయి, దాని కింద రావలసిన తేటగీతికి ముందు, జానెడు పొడవున తలనూనె సీసా నిలబడి ఉన్నది. సీసానికి ఎత్తుగీతి తోక కాదండీ. గీతి లేనిదే సీసం సీసమే కాదు. ఆ పూరణలో సమస్యాపాదం ఉన్నది కూడా గీతిలోనే. సీసం చదివినవాడు సీసా చూసి, పద్యం అంతేననుకుని వెళ్ళిపోయాడు. కింద వ్యాఖ్యలో "పూరణ ఏదీ?" అని అడిగాడు కూడా. నేను నవ్వుకున్నాను. అప్పటికి ఇది నాకు నవ్వులాటగానే ఉన్నది.

నవ్వు పోయిన సంగతి చెబుతాను.

మా బడిలో హిందీ పండితుడుగా ఒకాయన నాతో పంతొమ్మిదేళ్ళు పనిచేశాడు. పేరు చెప్పను. ఒకే బెంచీమీద కూర్చుని డబ్బాలు విప్పుకున్నవాళ్ళము. ఆయనకు నలభైల్లోనే చక్కెర వ్యాధి వచ్చింది. పదవీ విరమణ అయిన తరువాత ఎవరో చెప్పగా విని, ఏదో పొడి తెప్పించుకుని, ఇన్సులిన్ మానేశాడు. ఆ పొడి వాడితే ఇక జన్మలో సూది అక్కరలేదన్నారట. ఏడాది తిరగకుండా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ అన్నారు. ఎనిమిది నెలలు లాగి పోయాడు. ఆయనమీద నేనొక స్మృతి వ్యాసం రాశాను. కబీరును తెలుగు పిల్లలకు ఆయన ఎట్లా చెప్పేవాడో రాశాను. చివర ఆ పొడి సంగతి కూడా రాశాను. ఇంకొకరెవరైనా అట్లా చేయకుండా ఉంటారేమోనన్న ఆశ. ఈ గూటికి వచ్చేవారు తక్కువ కనుక, పదిమంది చూస్తారని ఆ వ్యాసాన్ని మిత్రుని పుటకు పంపాను. ఆయన ఆదరంగా ప్రచురించారు.

మూడవనాటి సాయంత్రం ఆ హిందీ పండితుని భార్య ఫోను చేసింది. మనవరాలు సెల్‌లో చూపించిందట. "అన్నయ్యగారూ, బాగా రాశారు" అని, కాసేపు ఊరుకుని, "ఆ మందు గురించి మధ్యలో మళ్ళీ అట్లా వేశారేమిటండీ?" అన్నది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. ఆయన సూది మానేశాడన్న పేరాకూ, ఆసుపత్రిలో చేర్చిన పేరాకూ నడుమ, చక్కెర వ్యాధి నెల రోజులలో మాయమంటూ ఒక పొడి డబ్బా బొమ్మ, పక్కన నవ్వుతున్న డాక్టరు కోటు మనిషి. అదే పొడి కాకపోవచ్చు. ఆవిడకు మాత్రం అదేననిపించింది. నేను వేశాననుకున్నది. "మీకూ వచ్చిందా అన్నయ్యగారూ, మీరూ అది వాడుతున్నారా?" అన్నది. నాకూ వచ్చింది. పది సంవత్సరాలయింది. వాడడం లేదమ్మా అన్నాను. ఇంకేమీ చెప్పలేకపోయాను.

వెంటనే ఆ పుట తెరిచి చూశాను. నాకు పట్టుచీరలు కనిపించాయి. ఇంకొకసారి తెరిచాను, వాహన బీమా. మిత్రునికి ఫోను చేశాను. ఆయన తెరిస్తే అమెరికా విమాన టిక్కెట్లు. ఆయన నిజంగానే బాధపడ్డారు, కాని "అవి తిరిగేవి మాస్టారూ, ఎవరికి ఏది వెళ్ళిందో నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?" అన్నారు. తరువాత శాంతంగా ఆలోచిస్తే తెలిసింది. వ్యాసంలో చక్కెర వ్యాధి అన్న మాట పదిసార్లు ఉన్నది. ఇన్సులిన్ ఉన్నది. ఆ మాటలనే చూసి యంత్రం ఆ డబ్బాను ఎంచి ఉంటుంది. పొడి వాడవద్దని ఎంత గట్టిగా రాస్తే అంత గట్టిగా ఆ పొడిని పిలిచినట్లయింది. యంత్రానికి మాట తెలుసు, వద్దు అన్న మాట తెలియదు.

నా అభ్యంతరం ఇక్కడ ఉన్నది. దీన్ని విడిచి మిగిలినవన్నీ మాట్లాడుకున్నాము మొన్న.

ప్రకటన అంటేనే నాకు పడదని మిత్రులు తేల్చేశారు. అది నిజం కాదు. సాహిత్యాన్ని పోషించినవాడికి సాహిత్యంలో చోటివ్వడం మనకు ఈనాటిది కాదు. మన ప్రబంధాలు తెరవండి. కథ మొదలు కాకముందు అవతారికలో కృతిభర్త వంశం, ఆయన దానాలు, ఆయన విజయాలు. తరువాత షష్ఠ్యంతాలు. ప్రతి ఆశ్వాసం ఎత్తుగడలోనూ ముగింపులోనూ ఆయనకు సంబోధన. మనుచరిత్ర చదివినవారికి కృష్ణదేవరాయలు ఎవరో చెప్పనక్కరలేదు, పెద్దన గారు ఆ ఏర్పాటు చేసిపెట్టారు. ఇంతకంటె పెద్ద ప్రకటన ఏమున్నది? అయితే దాని చోటు చూడండి. కథ వాకిట ఉన్నది, ఆశ్వాసాల కీళ్ళలో ఉన్నది. ప్రవరుడు హిమాలయంలో దారి తప్పి, పాదలేపం కరిగిపోయిందని గుండె జారిన క్షణంలో, ఆగండి, మా ప్రభువులు గజపతిని ఎట్లా గెలిచారో వినండి అని పెద్దన అనలేదు. అడిగే అధికారం రాయలకు ఉన్నది. ఆయనా అడగలేదు. ఆయన తానే కవి. ఆముక్తమాల్యదను వేంకటేశ్వరునికి అంకితమిచ్చినప్పుడు దేవునికైనా ఇదే మర్యాద పాటించాడు.

ఇంకొక సంగతి. పెద్దనకు తన కృతిభర్త ఎవరో తెలుసు. పోతన రాజులను కాదని రామునికి ఇచ్చాడంటే, ఎవరికి ఇస్తున్నాడో, ఎవరికి ఇవ్వడంలేదో తెలిసే ఇచ్చాడు. చదువరికొక కృతిభర్త చొప్పున, కవికే తెలియకుండా మారుతూ ఉండే కృతిభర్త అన్న ఊహ మనవారికి రాలేదు.

పాతకాలం కబుర్లు వద్దంటారా, సరే. అచ్చు పత్రికల దగ్గరకు రండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మదరాసులో దినపత్రిక, 1924లో భారతి. తలనొప్పి మందు సొమ్ముతో తెలుగు పరిశోధన సాగింది. నాకు ఇందులో ఏ కొరతా కనిపించదు. పైగా గర్వపడతాను. భారతిలో ప్రకటనలు ఉండేవి. మా నాన్నగారు దాచిన సంచికలు నా దగ్గర పది ఉన్నాయి. ప్రకటనల పుట వేరు, వ్యాసం పుట వేరు. ఆ మందు ఎవరిదో అందరికీ తెలుసు, పంతులు గారు తన పేరుమీద అమ్మారు. అది పనిచేయకపోతే అడగడానికి ఒక మనిషి, ఒక చిరునామా ఉండేవి.

మిత్రుడు దీనికి ఒక సమాధానం చెప్పారు. మంచి సమాధానం, దాచను. వారపత్రికల్లో సీరియల్ కథ పక్కన సగం కాలమ్ చీరల ప్రకటన ఉండేది కాదా, "మిగతా ఫలానా పుటలో" అని వెతుక్కోలేదా అన్నారు. ఉండేది, వెతుక్కున్నాము. దానికంటె గట్టి ఉదాహరణ నేనే ఆయనకు అందిస్తాను. మా ఊళ్ళో పద్యనాటకాలు ఆడేటప్పుడు, రాయబార ఘట్టంలో కృష్ణపాత్రధారి రాగం తీస్తూ ఉండగా, మైకులో "ఫలానా రైసుమిల్లు వారు వంద రూపాయలు చదివించారు" అని వినిపించేది. కృష్ణుడు ఆగి, చేతులు జోడించి, దాతకు దండం పెట్టి, మళ్ళీ దుర్యోధనుని సభలోకి వెళ్ళేవాడు. చిన్నప్పుడు అది నాకు చాలా బాగుండేది. ఇప్పుడు తలచుకున్నా కోపం రాదు. ఎందుకు రాదో ఆలోచించాను. రైసుమిల్లు ఆయన మా ఎదురుగా చాపమీద కూర్చుని ఉన్నాడు. నాటకం కోసం వచ్చాడు, పద్యం నచ్చి ఇచ్చాడు. ఆ ఆపడం అందరికీ ఒకేసారి, అందరి ఎదుటా జరిగింది. ఒకడికి రైసుమిల్లు, పక్కవాడికి జూదం, ఆ పక్క విధవరాలికి పొడి డబ్బా వినిపించలేదు.

ఆకాశవాణివారు కూడా వివిధభారతిలో 1967నుంచి ప్రకటనలు వేశారు. పాటకూ పాటకూ నడుమ వేశారు. పల్లవికీ చరణానికీ నడుమ వేయలేదు.

డబ్బు సంగతి. ఇది చిన్నబుచ్చవలసిన విషయం కాదు. మిత్రునికి సర్వర్ అద్దె ఉన్నది, డొమైన్ రుసుము ఉన్నది, రాత్రిళ్ళు మేలుకున్న కళ్ళున్నాయి. రాతకు వెల ఉండరాదని నేనెన్నడూ అనలేదు. ఉచితంగా ఇచ్చేదే పవిత్రమన్నది, పండితుడికి శాలువా కప్పి రిక్షా కిరాయి ఎగ్గొట్టేవారి సిద్ధాంతం. నేను చాలా శాలువాలు చూశాను. కాని ఈ తిరుగుడు ప్రకటన నిజంగా ఏమి ఇస్తున్నది? యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది, తెలుగు పుటలకు తలుపు తెరిచింది 2018లో. నూరు డాలర్లు నిండేదాకా మన ఖాతాకు పైసా కదలదు. నూరు నిండాలంటే రోజూ వేలమంది రావాలి. మన పుటలకు వచ్చేది మనమే. నా వ్యాసానికి ఆ నెలలో ఎంత వచ్చిందని మిత్రుని అడిగాను. లెక్కచూసి పదకొండు రూపాయల చిల్లర అన్నారు. నా వాటా పంపుతానన్నారు కూడా, అది ఆయన మంచితనం. నా స్నేహితుని చావు నడుమ ఆ డబ్బా నిలబడినందుకు పదకొండు రూపాయలు. మా ఊళ్ళో ఇప్పుడు మంచి టీ పదిహేను.

"నువ్వు కూర్చున్న అరుగు మాత్రం ఎవరిది?" అని ఒకరు చురక వేశారు. న్యాయమైన చురక. ఈ గూడు బ్లాగరులో ఉన్నది. బ్లాగరు గూగుల్‌వారిది. యాడ్‌సెన్స్ మొదలైన ఆ 2003లోనే వారు దీన్ని కొన్నారు. వారి ప్రకటనల సొమ్ములో పిసరంత నా అరుగుకు అలికే పేడనీళ్ళకు అయి ఉంటుంది. ఒప్పుకుంటున్నాను. సత్రంలో ఉచితంగా పడుకున్నవాడు సత్రం ధర్మకర్తను తిట్టకూడదంటే తిట్టను. అయితే సత్రం వారు ఇంతవరకు నా చాపమీదకు వచ్చి బోర్డు పాతలేదు. నేను అడిగితేనే ఇక్కడ ప్రకటన వస్తుంది. వర్డ్‌ప్రెస్.కామ్‌లో ఉచితంగా ఉన్న మిత్రులకు ఆ వెసులుబాటు లేదు, వారి పుటల్లో సత్రం వారే ప్రకటనలు వేసుకుంటారు. వారిని నేను ఏమీ అనను. వారి చేతిలో లేనిది వారి తప్పు కాదు. చేతిలో ఉన్నవాడు, అంకె తానే వేసినవాడు, నాకేమి తెలుసు అనడం వేరు.

ప్రకటనను కనిపించకుండా చేసే ఉపాయాలు బ్రౌజర్‌లో ఉన్నాయి కదా, వద్దనుకున్నవారు వాడుకోవచ్చునని ఇంకొకరు సెలవిచ్చారు. ఉన్నాయి. మన పిల్లలకు తెలుసు. ఆ ఫోను చేసినావిడకు తెలియదు.

చట్టం కూడా కొంచెం చూశాను. నేను వకీలును కాను, ఉన్న ముక్క చెబుతాను. మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టమని 1954 నాటిది ఒకటి ఉన్నది. కొన్ని వ్యాధులను నయం చేస్తామని మందుల ప్రకటనలు వేయరాదని అది చెబుతుంది. ఆ జాబితాలో మధుమేహం ఉన్నది. అమ్మేవాడిని మాత్రమే కాదు, అటువంటి ప్రకటన ప్రచురణలో ఎవరూ పాలుపంచుకోరాదన్నది దాని మాట. ఆన్‌లైన్ పేకాట సంగతి చూడండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ ఆ ఆటలనూ వాటి ప్రకటనలనూ కలిపి వద్దన్నది. అంటే ఈ సంచిలోనుంచి ఏది ఊడిపడుతుందో మనకు తెలియకపోవడం కేవలం అభిరుచికి సంబంధించిన చిక్కు కాదు. పదవీ విరమణ పొందిన ఒక తెలుగు పండితుడు, ఒక బ్యాంకు గుమాస్తా, ఒక గృహిణి, తమ పేరు పైన పెట్టుకుని, కింద ఏముందో తెలియని కాగితంమీద రోజూ వేలిముద్ర వేస్తున్నారు.

వ్యాసం కింద సంతకం ఎందుకు పెడతాము? ఈ మాటలకు నేను పూచీ అని చెప్పడానికి. నేను తప్పు రాస్తే మీరు వ్యాఖ్యలో చెవి మెలిపెడతారు, దిద్దుకుంటాను. పుట ఆ మూల ఒక స్థిరమైన ప్రకటన ఉంటే దానికీ పూచీ పడగలను. ఊళ్ళో నాకు తెలిసిన పచ్చళ్ళ దుకాణం వారిది, తిని చూసి పెడతాను. పచ్చడి పులిస్తే నన్ను అడగండి. చోటు మారుతుంది, సరుకు మారుతుంది, చూసేవాడినిబట్టి మారుతుంది, రాసినవాడు మాత్రం చూడలేడు అన్నప్పుడు పూచీ ఎవరిది? మిత్రుడు యంత్రానిదన్నారు. యంత్రం వారిని అడిగితే పుట యజమానిదంటారు, నిబంధనల పత్రంలో అట్లాగే ఉంటుంది. మధ్యలో మిగిలింది నా పేరు.

కోపం తగ్గిన తరువాత మిత్రునితో మళ్ళీ మాట్లాడాను. ఆయన ఓపికగా ఆ ప్లగిన్ లోపలి మీటలన్నీ చూపించారు. నేననుకున్నంత గుడ్డిది కాదది. ఫలానా వ్యాసంలో వద్దు అంటే ఆ వ్యాసాన్ని వదిలేస్తుంది. ఫలానా వర్గం టపాలలో వద్దు అన్నా వింటుంది. వ్యాసం మధ్యలో కాక చివర మాత్రమే అన్నా వింటుంది. అటు యాడ్‌సెన్స్ వారి దగ్గర కూడా కొన్ని రకాల ప్రకటనలను వద్దని చెప్పే మీటలున్నాయి. జూదం, త్వరగా ధనవంతులయ్యే మార్గాలు వంటివి. ఇవేవీ ఆయన లేఖలో లేవు. ఎందుకు రాయలేదని అడిగితే "వాటిని ముట్టుకుంటే రాబడి తగ్గుతుందన్నారు మాస్టారూ" అన్నారు. ఎవరన్నారో అడగలేదు. పదకొండు రూపాయలలో తగ్గేది ఎంతో కూడా అడగలేదు.

కనుక, ఇప్పటికే పెట్టిన ఇద్దరినీ, పెట్టబోతున్న మిగిలినవారినీ నేను కోరేది పెద్దదేమీ కాదు. పద్యాల పుటల్లో ఒక్కటీ వద్దు. స్మృతి వ్యాసాల్లో ఒక్కటీ వద్దు. మిగిలినచోట్ల తప్పనిసరి అనుకుంటే వ్యాసం ముగిసి, మీ పేరు వచ్చిన తరువాత, గీత గీసి, ప్రకటన అని స్పష్టంగా తెలుగులో రాసి, దాని కింద పెట్టుకోండి. ఇతరులు పంపిన రచన అయితే పెట్టేముందు వారిని అడగండి. నన్ను అడగలేదు. అడిగి ఉంటే, మొహమాటానికి సరే అనేవాడినేమో, అదీ చెప్పాలి.

ఆ వ్యాసంలోనుంచి మిత్రుడు ప్రకటన తీసేశారు. ఆవిడకు స్వయంగా ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నారు, అందుకు ఆయనకు నా నమస్కారం. పూరణల పుటల్లో మాత్రం సంచి ఇంకా తిరుగుతూనే ఉన్నది. నిన్న చూస్తే ఆ సీసానికీ తేటగీతికీ నడుమ తలనూనె పోయి గృహరుణం వచ్చింది.

నా వ్యాసాన్ని ఆయన అనుమతితో వెనక్కు తెచ్చుకున్నాను. ఆదివారం నాడు ఈ గూటిలో పెడుతున్నాను. హిందీ పండితుని భార్యకు కాగితంమీద అచ్చుతీసి పోస్టులో పంపాను, రెండు పుటలు వచ్చింది.